అత్తయ్య వేళ్ల మీద పులిపిర్లు

పొద్దున్నే వంటింట్లోకి వచ్చిన హేరిన్ గుమ్మంలోనే ఆగిపోయింది. అత్తగారు ఒక్‌పున్, కారం దట్టించిన క్యాబేజీ పచ్చడి కిమ్చీలోంచి ఒక ఆకును నిలువుగా చీల్చి, మనవరాలి చెంచాలోని అన్నం మీద వేళ్లతోనే పెడుతోంది. ఆ వేళ్ల నిండా పులిపిర్లు. చూపుడువేలి గోరు చుట్టూ గుత్తిగా మొలిచి, బూడిదరంగుకి తిరిగి, మధ్యలో నల్లటి చుక్కలతో. వాటి పగుళ్లలోకి ఎర్రటి కారం దిగి ఉంది. ఏడేళ్ల సోదమ్ నోరు తెరిచింది.

"ఉమ్మెయ్!" అని అరిచింది హేరిన్.

పిల్ల బెదిరిపోయి మింగేసింది.

"ఎందుకమ్మా అంత కేక?" అంది ఒక్‌పున్.

"డాక్టరు క్రీము రాసిచ్చి నెల కావస్తోంది అత్తయ్యా. మూతైనా తియ్యలేదు మీరు. ఆ చేత్తోనే అన్నీ కలుపుతారు, ఆ చేత్తోనే దానికి పెడతారు!"

"రాసుకుంటే వంటెలా చెయ్యను? మందు అన్నంలో పడదూ?"

"చెయ్యకండి! ఎవరడిగారు మిమ్మల్ని?"

ఒళ్లు తెలియని కోపంలో హేరిన్ ఫ్రిజ్ తెరిచి, నిన్నంతా అత్తగారు నడుం పట్టేసేలా కూర్చుని కలిపిన కిమ్చీని డబ్బాతో సహా తీసి చెత్తసంచిలో గుమ్మరించింది. వెల్లుల్లి, ఉప్పురొయ్యల ఘాటు గదంతా కమ్ముకుంది.

"తినే వస్తువే అది..." అంటూ ఒక్‌పున్ సంచి వైపు చెయ్యి చాచింది.

"దాన్ని చూస్తే నాకు వాంతొస్తోంది. అసలా పులిపిర్లు ఎక్కడ అంటించుకొచ్చారో! ఆ వీధి చివర పదిమందీ వెళ్లే స్నానశాలలో ఎవరి తువ్వాలు వాడారో ఏమో!"

ముసలామె చేతులు రెండూ ఏప్రన్ కింద దాచుకుంది.

"నా కాలిదే అమ్మా," అంది సోదమ్ మెల్లగా. "నానమ్మకి నాదే అంటింది."

హేరిన్‌కి నిరుడు చలికాలం కళ్లముందుకొచ్చింది. పిల్ల మడమ మీద పులిపిరి. పడుకునే ముందు క్రీము రాసి ప్లాస్టరు వెయ్యాలి, పొద్దున నానిన చర్మాన్ని రుద్ది తీసెయ్యాలి. మొదటిరోజు ఉడికిన ముల్లంగి పొట్టులా తెల్లగా ఊడొచ్చిన తోలు చూసి ఆమె స్నానాలగదికి పరిగెత్తింది. మర్నాటి నుంచి ఆ పని అత్తగారి మీద పడేసింది.

"నువ్వు మాస్కూ గ్లవ్సులూ వేసుకుని మొహం తిప్పుకున్నావుగా," అంది పిల్ల. "నేను అంత మురికిదాన్నా అని నానమ్మని అడిగాను. అప్పుడు నానమ్మ తన గ్లవ్సులు తీసేసింది."

హేరిన్ కుర్చీ లాక్కుని అత్తగారి ఎదురుగా కూర్చుంది. "తొడుక్కోమని డాక్టరు చెప్పాడు కదా అత్తయ్యా..."

"చెప్పాడు. పిల్ల అలా అడిగాక ఎలా తొడుక్కోను?"

సోదమ్‌ని బడికి పంపి వచ్చాక హేరిన్ గిన్నెలో గోరువెచ్చటి నీళ్లూ, క్రీమూ తెచ్చి అత్తగారి ముందు కూర్చుంది.

"వద్దులే, నేనే రాసుకుంటా."

"ఇలా ఇవ్వండి. ఇది మానేదాకా వంట నాది."

నానబెట్టి రుద్దుతుంటే మెత్తబడిన చర్మం తెల్లటి పొడిలా రాలి ఆమె వేళ్లకే అంటుకుంది. గొంతుదాకా వికారం తన్నుకొచ్చింది. గుటక వేసింది కానీ తల తిప్పుకోలేదు. ఒక్కో పులిపిరి మీదా క్రీము అద్ది ప్లాస్టరు చుట్టింది.

ఒక్‌పున్ కోడలి మొహంలోకి చూసింది. "ముక్కు చూడు, ఎలా ముడుచుకుపోయిందో! అసహ్యంగా ఉంది కదూ?"

అబద్ధమాడాలనిపించలేదు హేరిన్‌కి. "ఉంది అత్తయ్యా."

"నాకూ ఉండేదే," అంది ముసలామె. "దాని కాలు పట్టుకున్న ప్రతిరోజూ ఉండేది."

హేరిన్ కళ్లు నీళ్లతో మసకబారాయి. ఆ చెయ్యిని మాత్రం వదల్లేదు.