ఎండ పడే ఇల్లు

"నువ్వు మస్తు యాదికొస్తున్నవ్" అన్నాడు శ్రీశైలం మెల్లగా.

"ఏంది?" అంది రోజారాణి.

ఆమె చెవుల్లో దూది ఉంది. దూది మీద శాలువ ఉంది. బాలింతకు గాలి సోకకూడదని తల్లి మైసమ్మ కిటికీకి కూడా దుప్పటి కట్టేసింది. ఆ మసక చీకట్లో నెల నిండని పాప నిద్రపోతోంది.

"యాదికొస్తున్నవ్ అంటున్న" అన్నాడు, ఇంకొంచెం గొంతు పెంచి.

"జోర్ల చెప్పరాదు?"

శ్రీశైలం తలుపు వైపు ఓసారి చూసి, ధైర్యం చేసి అరిచాడు. "యాదికొస్తున్నవ్!"

బయట అరుగు మీద వల బాగుచేసుకుంటున్న మామ గాలయ్య దగ్గాడు. "బిడ్డా, అల్లుడు యాదికొస్తున్నవంటాండే. ఊఁ అను, పాపం!"

రోజారాణి నవ్వును శాలువలో దాచుకుంది. శ్రీశైలం చెవులు ఎర్రబడ్డాయి.

అతనికి తీపి మాటలు చేతకావు. మేడ్చల్‌లో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ మిషన్ మీద పని, కుత్బుల్లాపూర్‌లో అద్దె గది. పెళ్లయిన ఏడాదిన్నరలో ప్రేమంతా పనుల్లోనే చూపించాడు. ఆమె కడుపుతో ఉందని తెలిసిన రోజు నుంచి గడప దాటనివ్వలేదు. నీళ్లు తనే పట్టాడు, కూరగాయలు తనే తెచ్చాడు, బట్టలు తనే ఆరేశాడు. "నువ్వు పండుకో, నేనున్న గద" అనేవాడు. కాన్పుకు శామీర్‌పేటలో పుట్టింటికి వచ్చాక ఆ 'పండుకో' అనే పని మైసమ్మ అందుకుంది.

పాపను అతని చేతికివ్వాలని రోజారాణి లేచింది. లేస్తూనే గోడ పట్టుకుని పెదవి కొరుక్కుంది.

"ఏమైంది?"

"ఏం లేదు. కాళ్లు గుంజుతున్నయ్. అమ్మ వాతం అంటాంది."

నలభై ఐదో రోజు పాపకు టీకా వేయించడానికి దవాఖానకు వెళ్లినప్పుడు కూడా ఆమె మెట్లెక్కలేక ఆగిపోయింది. డాక్టరమ్మ అది చూసి రక్తం తీయించింది. వారం తర్వాత రిపోర్టు ముందు పెట్టుకుని నలుగురినీ కూర్చోబెట్టింది.

"విటమిన్ డి చాల తక్కువుంది. ఎండలకు పోతవా అమ్మా?"

"లేదు మేడం."

"కడుపుతోని ఉన్నప్పుడు?"

రోజారాణి భర్త వైపు చూసి, చూపు దించుకుంది. "లేదు."

"ఇల్లు ఎట్లుంటది?"

"గల్లీ లోపట, కింది గది. పగలు గూడ లైటు ఏస్కుంటం."

"గుడ్లు, చేపలు తింటున్నవా?"

గాలయ్య ఉత్సాహంగా ముందుకు జరిగాడు. "నేను చెరువుల చేపలు పట్టెటోన్నే మేడం!"

"మరి బిడ్డకు పెడుతున్నరా?"

గాలయ్య భార్య వైపు తిరిగాడు. "బాలింతకు చేపలెట్ల వెడ్తం? పత్తెం గద" అంది మైసమ్మ, గొంతు తగ్గించి.

డాక్టరమ్మ కోప్పడలేదు. "వారానికొకటి మందు రాస్తున్న. పాపకు చుక్కలు. కానీ మందు అయిపోయినంక మళ్ల చీకట్లనే ఉంటే మళ్ల మొదటికొస్తది. పది దాటినంక కొంచెంసేపు చేతులకు, కాళ్లకు ఎండ తగలనియ్యండి. మంచిగ తిననియ్యండి."

శ్రీశైలానికి ఒక్కో జవాబూ తన మీద చెప్పిన సాక్ష్యంలా వినిపించింది.

బయటికి రాగానే మైసమ్మ కొంగు దోపుకుంది. "అల్లుడా, చెప్తున్న ఇను. నా ఇంటి కిటికీ దుప్పటి నేను ఇయ్యాల్లనే తీస్త. నీ గల్లీలకు ఎండను ఎవలు తెస్తరు? ఎండ వడే ఇల్లు దొర్కినంకనే నా బిడ్డ వస్తది. మూడో నెల దాటిందా, ఇగ నాలుగుల పంప, సరి నెల అచ్చిరాదు. ఐదో నెలనే."

నెల మీద ఒక్క వారమే మిగిలింది.

మైసమ్మ రోజూ పొద్దున్నే స్నానం చేసి, చెంబుతో సూర్యుడికి నీళ్లు వదులుతుంది. మరునాడు ఆమె దండం పెడుతుంటే రోజారాణి గడపలో నిలబడి అడిగింది. "అమ్మా, రోజు మొక్కుతవ్ గద. గా దేవుడు నన్నేం జేస్తడే?"

మైసమ్మ చెంబు పక్కన పెట్టింది. "మా చెల్లె బాలింతగున్నప్పుడు సలి వెట్టి, జరమొచ్చి పోయింది బిడ్డా. గప్పటిసంది నాకు భయం."

మొక్కే దేవుణ్ణే గుమ్మం అవతల నిలబెట్టడం ఎందుకని మనమూ అడగవచ్చు. అడగాలి కూడా. అయితే అలాంటి భయం వెనక చాలాసార్లు పోయినవాళ్లెవరో ఉంటారు. అందుకే రోజారాణి తల్లి చెయ్యి పట్టుకుని తనే వాకిట్లోకి దిగింది.

ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు నీళ్లొస్తాయా, బండి పెట్టుకోవచ్చా అని అడుగుతారు. శ్రీశైలం ఎండ ఎన్ని గంటలకు వస్తుందని అడిగేవాడు. "సోలార్ కంపెనీల చేస్తవా?" అన్నాడు ఒక ఇంటాయన అనుమానంగా.

పేట్ బషీరాబాద్‌లో ఒక ఫ్లాటు చూడగానే సంబరపడి వీడియో కాల్ చేశాడు. "చూడు! హాలంత ఎండనే!"

"గా పెద్ద అద్దం తెరుసుకుంటదా?"

"లేదు, ఫిక్సు."

"అయితే అండ్ల నువ్వే ఉండు. అద్దంల నుంచి వచ్చే ఎండ గీ పనికి రాదంట. దవాఖానల నర్సమ్మనడిగిన."

"మరి గంత ఎండ ఏం గావాలె?"

"పోయి సూర్యున్నే అడుగు."

అతను నవ్వలేదు.

"ఏమయ్యా, గుస్సా అయినవా?"

"లేదు రోజా. నిన్ను గడప దాటనియ్యలే. మంచిగ చూస్కుంటున్న అనుకున్న. నీ కాళ్ల నొప్పి నేను తెచ్చిందే."

ఆమె పాప మీది దుప్పటి సర్దింది. తర్వాత మెల్లగా అంది. "గప్పుడు నాకు బయటికి పోబుద్ధి అయ్యేది. చెప్తే నీ మనసు నొస్తదని చెప్పలే. నాది గూడ తప్పే."

"ఇంకేమన్న దాచినవా?"

"దాచిన. నువ్వు చేసే పప్పు మస్తు ఉప్పగుంటది."

"ఏడాదిన్నర తిన్నవ్ గద!"

"నువ్వు చేసినవని తిన్న."

ఫోను పెట్టేశాక కూడా అతను ఆ ఖాళీ హాల్లో నవ్వుకుంటూ నిలబడ్డాడు.

మూడో నెల ముగియడానికి వారం ఉందనగా తూంకుంటలో, కొత్త ప్లాట్ల మధ్య ఒక ఇల్లు కనిపించింది. మేడ మీద ఒక్క గది, వంటిల్లు. ముందు విశాలమైన డాబా. ఇంటావిడ రాధమ్మ ముందే చెప్పేసింది. "ఎండ బాగ కొడ్తది నాయినా. ఎనకటోల్లు గందుకే ఖాళీ చేసిండ్రు."

"ఎంతసేపు కొడ్తదమ్మా?"

"పొద్దంత. ఏం, వడియాలు ఎండవెడ్తవా?"

"కాదమ్మా, మా ఇంటామెను."

రాధమ్మ అతన్ని కింది నుంచి పై దాకా చూసింది. శ్రీశైలం గాబరాపడి దవాఖాన నుంచి మొదలుపెట్టి మూడో నెల గడువు దాకా అంతా ఒక్క గుక్కలో చెప్పాడు. ఆమె కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "సగానికి పందిరి ఏస్కో. ఎండకాలం గూడ ఉండాలె గద" అంది.

ఆదివారం పదకొండు గంటలకు మైసమ్మ ఇల్లు చూడటానికి వచ్చింది. చెప్పులు విప్పి డాబా మధ్యలో నిలబడింది. కాళ్లు చురుక్కుమంటే అటూ ఇటూ మార్చుకుంది. తల ఎత్తి దండం పెట్టింది.

"పందిరి ఎప్పుడేస్తవ్?"

"రేపే ఏస్త అత్తమ్మా."

"బుధవారం మంచిగుంది. తోల్కొస్త." మెట్లు దిగుతూ ఆగింది. "నాటుకోడి గుడ్లు గూడ తెస్త. మామ చేపలు తెస్తడు. నువ్వు మాత్రం పప్పుల ఉప్పు చూసి ఎయ్యి."

ఆ మాట ఈమెదాకా ఎలా వెళ్లిందో శ్రీశైలానికి వెంటనే అర్థమైంది.

బుధవారం అందరూ వచ్చారు, పాలు పొంగించారు, భోంచేశారు. మూడింటికి మైసమ్మ కూతురి తల నిమిరి, భర్త వెంట వెళ్లిపోయింది.

పందిరి కింద ముగ్గురే మిగిలారు. మందు మొదలుపెట్టి నెల దాటింది. రోజారాణి ఇప్పుడు గోడ పట్టుకోకుండా లేస్తోంది.

"చాయ్ తాగుదమా? పాలు ఒడిసినయ్" అంది.

"నేను తెస్త. నువ్వు పండు..." అని శ్రీశైలం ఆగిపోయాడు. చేతిలోకి తీసుకున్న సంచీని ఆమె వైపు చాపాడు. "నువ్వు వోతవా?"

రోజారాణి అతని ముఖంలోకి చూసింది. సంచీ అందుకుంటూ అతని వేళ్లను ఒక్క క్షణం పట్టుకుంది. "పాపను ఎత్తుకో. ఏడిస్తే పిట్టగోడ దిక్కు తిప్పు."

ఆమె మెట్లు దిగింది. కొట్టు మలుపులో ఉంది. ప్లాట్ల మధ్య ఆ రోడ్డుకు అడ్డుగోడలు లేవు, పొడవైన నీడలు లేవు. ఆమె మోచేతుల మీద ఎండ మెరుస్తోంది. తొందరేమీ లేనట్టు నడుస్తోంది. తిరిగి వచ్చేటప్పుడు రాధమ్మ గేటు దగ్గర ఆపింది. ఇద్దరూ అక్కడే ఎండలో నిలబడి కబుర్లలో పడ్డారు. రోజారాణి ఏదో చెప్పి గట్టిగా నవ్వింది.

జల్దీ రమ్మని పిలవాలనిపించింది శ్రీశైలానికి. పిలవలేదు. ఎంతసేపైనా పట్టనీ అనుకుని, పాపను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.