మాట వచ్చేదాకా ముట్టని కాఫీ

ఆ ఏడు జనవరి ఐదో తేదీ సాయంత్రం సోసీ వాళ్లింట్లో తిన్నది శనగలేసి వండిన ఆకుకూర, నెయ్యన్నం, తల లేని చేప. తల ఏమైందని వర్తుహీ నాన్నమ్మ అడిగితే, కొట్లోనే అలా ఇచ్చారని సోసీ అబద్ధమాడింది.

జరిగింది వేరు. సిడ్నీలో, రైడ్ అనే పేటలోని చేపల కొట్లో మిగిలిన ఒకే ఒక్క చేప మీద రెండు వేళ్లు ఒకేసారి వాలాయి. ఒకటి సోసీది. రెండోది గుమ్మానికి అడ్డం నిలబడితే వెలుతురు రానంత భుజాలున్న ఒక టోంగా దీవుల కుర్రాడిది.

"ముందు నేను చూశాను," అంది సోసీ.

"చూడటం కాదండీ, చూపించడం లెక్క. ఆ లెక్కన నేనే ముందు."

"రేపు మా క్రిస్మస్. ఈ రాత్రి చేప లేకపోతే మా నాన్నమ్మ నన్ను వేయిస్తుంది."

"క్రిస్మస్ ఎప్పుడో అయిపోయింది కదా. మా చెట్టు కూడా చెత్తలో పడేశాం."

"మీది అయిపోయింది. మేం ఆర్మీనియన్లం. మాది రేపే."

అతను ఆమెను, చేపను మార్చి మార్చి చూశాడు. "ఇవాళ మా అమ్మమ్మ పుట్టినరోజు. ఆవిడ ఇష్టంగా తినేది తలకాయొక్కటే. అది నాకిచ్చి, మిగతాది మీరు పట్టుకెళ్లండి."

బయటికొచ్చేసరికి జనవరిలో వచ్చే అక్కడి వేసవి వాన దంచి కొడుతోంది. ఇద్దరూ కొట్టు చూరు కింద నిలబడ్డారు. ఆ చూరు ఒక మనిషికి సరిపోతుంది. అందులో ముప్పాతిక అతనే.

"కొంచెం జరగండి, తడుస్తున్నాను," అందామె.

అతను జరగలేదు. పూర్తిగా వానలోకి దిగి నిలబడ్డాడు. "ఇప్పుడు చోటు సరిపోయిందా?" అన్నాడు, కనురెప్పల మీంచి నీళ్లు కారుతుంటే. సోసీకి నవ్వొచ్చింది.

అతని పేరు లిసియాతే. స్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పిస్తాడు. సోసీ మందుల షాపులో పని చేస్తుంది. చలికాలం రాకముందే అతనికి ఎప్పుడూ లేనన్ని తలనొప్పులు మొదలయ్యాయి. ప్రతి తలనొప్పికీ ఆ షాపులోనే మాత్ర కావాలి.

ఒక శనివారం ఆమెను సినిమాకు తీసుకెళ్దామని నేరుగా ఇంటికే వచ్చాడు. తలుపు తీసింది నాన్నమ్మ.

"ఎవరే ఈ కొండంత మనిషి?" అందావిడ వెనక్కి తిరిగి, తమ భాషలో.

సోసీ పరుగున గుమ్మంలోకొచ్చింది. "వైఫై బాగు చేయడానికి వచ్చాడు నాన్నమ్మా."

ఇంక చెప్పేదేముంది. లిసియాతే ఆ మధ్యాహ్నం వైఫై డబ్బా తుడిచాడు. బల్బు మార్చాడు. ఫ్రిజ్ పక్కకు జరిపి, దాని వెనక పడిన చెంచాలన్నీ తీసిచ్చాడు. నాన్నమ్మ అతన్ని కూర్చోబెట్టి మాంసం రొట్టెలు పెట్టింది. అతను తింటూనే ఉన్నాడు, ఆవిడ పెడుతూనే ఉంది.

అతను వెళ్లాక ఆవిడ నిట్టూర్చింది. "ఎంత మంచి పిల్లాడే. పాపం, మనవాడు కాదు."

వీధి చివర కారులో అతను స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. సోసీ వచ్చి పక్కన కూర్చున్నా తల తిప్పలేదు.

"నేనంటే నీకు సిగ్గా?"

"సిగ్గు కాదు. భయం."

"మీ నాన్నమ్మంటేనా? నాకు తొమ్మిదో రొట్టె కూడా పెట్టింది."

"వైఫై అబ్బాయివి కాబట్టి పెట్టింది. మనవరాలిని పెళ్లాడతాననే పరాయివాడికి పెట్టదు." సోసీ గొంతు తగ్గించింది. "నాన్నమ్మ వాళ్లమ్మ లెబనాన్‌లో అనాథాశ్రమంలో పెరిగింది, లిసీ. మా ఆర్మీనియన్లను ఊచకోత కోసినప్పుడు వాళ్ల ఊళ్లో, వాళ్ల ఇంట్లో మిగిలింది ఆవిడొక్కతే. మా అన్నలిద్దరూ బయటివాళ్లను చేసుకున్నారు. వదినలు బంగారాలే. కానీ వాళ్ల పిల్లలు పండక్కొచ్చి ఇంగ్లీషులో హాయ్ చెప్పి ఫోన్లలో తల దూరుస్తారు. నాన్నమ్మతో మా భాషలో మాట్లాడేది ఇంట్లో మా అమ్మానాన్నలూ, నేనూ. అంతే. ఆవిడ కాదంటే నిన్ను చేసుకోలేను. అవునంటుందన్న నమ్మకం లేదు."

"అందుకని అడగడమే మానేశావా?"

సోసీ సీటు బెల్టు లాగి మళ్లీ వదిలేసింది.

"మా అమ్మమ్మను తీసుకొస్తాను," అన్నాడతను. "మీ పద్ధతేమిటో చెప్పు."

"పెద్దవాళ్లొచ్చి పిల్లను అడగాలి. మేం కాఫీ ఇస్తాం. మా పెద్దావిడ మాట ఇచ్చేదాకా కప్పు ముట్టుకోకూడదు. ముందే తాగితే, మీరు అడగటం మానుకున్నారని, మామూలు చుట్టపుచూపుకే వచ్చారని అర్థం."

"మా ఇళ్లల్లో పెద్దవాళ్లిచ్చింది తాగకపోతే వీపు విమానం మోతే."

"అందుకే గట్టిగా చెప్తున్నాను."

జూన్‌లో ఒక ఆదివారం, చర్చి అయ్యాక, లిసియాతే అమ్మమ్మ అకనేసి, టోంగా మర్యాద ప్రకారం నల్లబట్టలు కట్టుకుని, నడుముకు అల్లిక చాప చుట్టుకుని, మనవడితో వచ్చింది. సోసీ అమ్మానాన్నలు ఎదురెళ్లి లోపలికి పిలిచారు. వాళ్లిద్దరికీ విషయం ముందే తెలుసు, ఇష్టమే. కానీ ఆ ఇంట్లో మాట పెద్దావిడది.

నాన్నమ్మ లిసియాతేను చూసింది. "వైఫై బాగానే ఉందయ్యా. మళ్లీ ఎందుకొచ్చావు?"

సోసీ అన్నీ చెప్పేసింది. నాన్నమ్మ ముఖంలో నవ్వు మాయమైంది. కానీ వచ్చినవాళ్లు వచ్చారు. పొడుగుపిడి గిన్నెలో కాఫీ నురగతో పొంగింది. సోసీ కప్పులు పెట్టింది.

"మీ పిల్లను మా వాడికి అడగడానికి వచ్చానమ్మా," అంది అకనేసి. ముసలమ్మలిద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే. అందుకని చుట్టూ తిప్పి మాట్లాడే వీల్లేకపోయింది.

నాన్నమ్మ అవుననలేదు, కాదనలేదు. చలి గురించి మాట్లాడింది. మోకాళ్ల గురించి మాట్లాడింది. మోకాళ్ల విషయంలో ఇద్దరూ బాగా కలిశారు. కాఫీ మీద నురగ అణిగిపోయింది.

"చల్లారిపోయింది. వేడిది పెట్టవే," అంది సోసీతో.

రెండోసారి కాఫీ వచ్చింది. అదీ చల్లారింది. మూడోసారీ వచ్చింది. సోసీ నాన్న కిటికీలోంచి వానను చూస్తూ ఉండిపోయాడు. తన ఇంటికొచ్చిన మనిషి గొంతు తడుపుకోకుండా కూర్చుంటే వర్తుహీ నాన్నమ్మకు ఒళ్లంతా జెర్రులు పాకినట్టుంది. చివరికి ఉండబట్టలేకపోయింది.

"తాగండమ్మా."

"మీరు మాట ఇవ్వండి."

"ముందు తాగండి."

"ముందు ఇవ్వండి."

లిసియాతే నవ్వబోయాడు. సోసీ అతని కాలు తొక్కింది.

నాన్నమ్మ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. "మేం తక్కువమందిమి. ఈ పిల్ల కూడా పోతే ఈ ఇంట్లో మా మాట వినబడదు. మీకిది అర్థం కాదు."

"ఎందుకు కాదు?" అంది అకనేసి. "నాకు పదకొండు మంది మనవలు. మా భాషలో నాతో మాట్లాడేది వీడొక్కడే. రేపు మీ పిల్ల వస్తే ఇంట్లో ఇద్దరూ ఇంగ్లీషే. నేనూ వద్దనే అన్నాను."

లిసియాతే తలెత్తాడు. "అమ్మమ్మా, నాతో ఎప్పుడూ అనలేదు కదా."

"దేవుడితో అన్నాను. ఈవిడ కాదంటే నా పని తేలికవుతుందని ఆశపడ్డాను కూడా."

సోసీ చూపు మూడో కప్పు మీద నిలిచిపోయింది. అంతా అయిపోయిందనుకుంది. ఇద్దరూ వద్దనేవాళ్లే అయితే ఇంక అడిగేదెవరు?

వర్తుహీ మాత్రం ముందుకు వంగింది. "మరి ఇంతసేపూ ఎందుకు తాగలేదు? ఒక్క గుక్క తాగితే సరిపోయేది. మీరే మానుకున్నట్టయ్యేది. నేను కాదననక్కరలేదు, మీరు పోరాడనక్కరలేదు."

అకనేసి కప్పు వైపు చూసింది. "వచ్చినప్పటినుంచీ గొంతెండిపోతోందమ్మా. కానీ వీడు కారులో దారి పొడుగునా అదే చెప్పాడు. 'అమ్మమ్మా, ముట్టుకోకు, ముట్టుకోకు' అని. చిన్నప్పుడు ఇంజెక్షనుకు తీసుకెళ్తే పెట్టినట్టు పెట్టాడు ముఖం. ఆ ముఖం చూశాక ఎలా తాగను?"

లిసియాతే తన అరచేతులు చూసుకుంటున్నాడు. వర్తుహీ అతన్ని చూసింది, మనవరాలిని చూసింది. మనవరాలి ముఖమూ అలాగే ఉంది.

ఆవిడ లేచింది. అకనేసి ముందున్న కప్పు తన చేత్తో తనే తీసింది.

"వియ్యపురాలా," అంది, "ఇది తాగడానికి పనికిరాదు. ఉండండి, నేనే పెట్టుకొస్తాను."

ఆ పిలుపు విన్నాక సోసీ అమ్మ కళ్లొత్తుకోవడానికి కొంగు లాంటిదేదీ లేక చేతి రుమాలు వెతుక్కుంది. సోసీ నాన్న కిటికీ వదిలి వచ్చి లిసియాతే భుజం మీద చెయ్యి వేశాడు.

వంటగదిలోంచి నాన్నమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. "పిల్లలు పుడితే శనివారం మా భాష నేర్పే బడికి రావాలి."

"రానీ. ఆదివారం మా చర్చికి."

"వారమంతా ఇంగ్లీషు ఎలాగూ ఉంటుంది."

"దాన్ని పెంచక్కర్లేదు, అదే పెరుగుతుంది," అంది అకనేసి, ఆవిడ తెచ్చిన నాలుగో కప్పు అందుకుని ఆబగా తాగుతూ.

చీకటి పడుతుండగా వాళ్లు బయల్దేరారు. అకనేసిని కారులో కూర్చోబెట్టి, మరిచిపోయిన గొడుగు కోసమని లిసియాతే వెనక్కొచ్చాడు. గొడుగు అతని చేతిలోనే ఉంది. సోసీ వరండా దిగి వచ్చింది.

"తలనొప్పి తగ్గిందా?" అందామె.

"లేదు. ఇది జీవితాంతం ఉండేలా ఉంది."

"మాత్ర లేదు దీనికి."

"వద్దు కూడా."

హాల్లో దీపాలు ఆర్పుతూ వచ్చిన వర్తుహీకి గుమ్మంలోంచి ఆ రెండు తలలూ కనిపించాయి, ఒకే గొడుగు కింద. మనవరాలిని పిలవబోయింది. పిలవలేదు. తలుపు మెల్లగా, చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది. గడియ మాత్రం పెట్టలేదు.