దొర విడిది ముందరి దొన

ఉదయగిరి దాపున ఒక గుట్ట మీద దొర విడిది ఉండేది. దొర చచ్చి, విడిది పైకప్పు కూలి ఏళ్లు గడిచినా పగలైనా ఎవరూ అటు పోయేవాళ్లు కారు. ఇక పొద్దుగూకితే చెప్పనక్కర్లేదు. చీకట్లో కొరడా ఛెళ్లుమంటుందంట... కొట్టే మనిషి మాత్రం కనపడడంట.

గుట్ట కింది పల్లెలో పుట్టిన చెంచమ్మకి ఆ కొరడా చిన్నప్పటి నుంచే, దొర బతికున్న రోజుల నుంచే తెలుసు. ఏటా ఎండాకాలం దొర పల్లకీలో పైకి పోయేవాడు. ఆ పూట పల్లెలో పొయ్యి రాజకూడదు, బిడ్డ ఏడవకూడదు. వాళ్లమ్మ ఆమె నోరు చేత్తో మూసి గాదె వెనక కూచునేది.

ఒక ఏడు వాళ్లన్న తిరుపాలు దాహానికి తాళలేక, విడిది ముందర, ఏ ఎండకీ ఇంకని రాతి దొనలో దోసెడు నీళ్లు తాగినాడు. తెల్లారి, ఒళ్లంతా కొరడా వాతలతో ఉన్న వాడి శవాన్ని పల్లె మొగదల దించి పోయినారు దొర మనుషులు.

ధాత నామ సంవత్సరం కరువులో చెరువు నెర్రెలు బారింది. బావుల్లో బురద కూడా మిగల్లేదు. చెంచమ్మ మనవరాలికి నాలుక పిడచగట్టింది. ఆ సందేళకి ఏడుపు కూడా మానేసింది.

చెంచమ్మ కడవ తీసుకునింది.

"యాడికత్తా?" గుసగుసగా అడిగింది కోడలు మస్తానమ్మ.

"దొన కాడికి."

"ఆయన ఉంటాడే అక్కడ..."

"ఆయనేంది? వాడు."

గుట్ట ఎక్కింది. కూలిన గోడలు... నల్లగా నీళ్లు. కడవ ముంచింది.

ఛెళ్—

వెనకే. ఆమె చెయ్యి తనంతట తానే నోటి మీదికి పోయింది, చిన్నప్పటి మాదిరే. కాసేపు అట్నే ఉండి, ఆ చెయ్యి తీసేసింది.

"నేను తిరుపాలు చెల్లెల్ని," అనింది మెల్లిగా. "బతికినన్నాళ్లూ నీకు భయపడినాం. ఇంక చాలు."

దోసిలి పట్టి, గుటకలు వినపడేట్టు నీళ్లు తాగింది. కడవ చంకనెత్తుకునింది.

ఛెళ్—

వీపు భగ్గుమనింది. తూలింది... పడలేదు. వెనక్కి చూడకుండా దిగొచ్చింది.

మనవరాలు నీళ్లు తాగి, కేరుమని ఏడ్చింది. ఆ ఏడుపుకి పల్లెంతా లేచొచ్చింది.

పైట తొలగిన చెంచమ్మ వీపు మీద, దీపం వెలుగులో, వేలెడు లావున వాత... ఇంకా నెత్తురు చిమ్ముతా ఉంది.

"తగిలిందా?" అడిగినాడు ముసలి సిద్ధయ్య.

"తగిలింది. చచ్చినానా?"

పైట సర్దుకుని, ఇంకో కడవ అందుకునింది. సిద్ధయ్య ఆమె వంక చూసి, లోపలికి పోయి తన కడవ తెచ్చుకున్నాడు. సిద్ధయ్య వెనక ఇంకొకరు...

ఆ రాత్రి గుట్ట మీద కొరడా ఛెళ్లుమంటానే ఉంది. పల్లె కడవలు ముంచుకుంటానే ఉంది.