బాంబూఫ్లాట్ జెట్టీ మీద నీడ పడని నిమిషం

పోర్ట్ బ్లెయిర్‌లోని చాథమ్ నుంచి బాంబూఫ్లాట్ వెళ్లే ఫెర్రీలో కళ్యాణి అంటించిన పోస్టర్‌ని, ఆమె కళ్ల ముందే ఒకతను నాలుగు మూలలూ గోటితో లేపి జాగ్రత్తగా తీసేశాడు. ఫెర్రీకి తాళ్లు కట్టే, విప్పే పని అతనిది. చొక్కా జేబు మీద మణికుమార్ అని ఉంది.

"భయ్యా, దానికి పర్మిషన్ ఉంది," అంది కళ్యాణి.

"ఉండొచ్చు దీదీ. ఇందులో ఏం రాసుందో మీరు చదివారా?"

చదవడమేమిటి, రాసిందే తను. ప్రోతరాపూర్‌లో పుట్టి పెరిగిన కళ్యాణికి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ రాయడం అంతంత మాత్రం. ఆగస్టు ఇరవై మూడు, అంతరిక్ష దినోత్సవం రోజున సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడనీ, పదకొండు ఇరవై రెండుకి నిలబడిన మనిషి నీడ ఏ పక్కకీ పడదనీ చెప్పాలనుకుంది. పోస్టర్ మీద మాత్రం "ఇరవై మూడున మీ నీడ పోతుంది, అందరూ రండి" అని ఉంది.

నీడ పోవడమంటే చావేనని, తన నానమ్మ ఆ రోజు ఇంట్లోంచి ఎవర్నీ కదలనివ్వనంటోందని మణికుమార్ చెప్పాడు. బాంబూఫ్లాట్‌లోని తమ జాలరి వాడలో మిగతా ముసలమ్మలదీ అదే మాటట.

కళ్యాణికి నవ్వు రాలేదు. జనానికి సైన్స్ చెప్పే ఒక చిన్న సంస్థలో ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. బాంబూఫ్లాట్ జెట్టీ మీద పెట్టిన ఈ కార్యక్రమమే ఆమె సొంతంగా చేస్తున్న మొదటిది. చూడటానికి మెయిన్‌ల్యాండ్ నుంచి సంస్థ పెద్ద మేడమ్ వస్తోంది. జనం రాకపోతే దీవుల్లో ఈ పనే ఆపేస్తారు.

"అయితే మీరే సరిచేయండి," అని పెన్ను అతని చేతిలో పెట్టింది.

చేశాడు. తెలుగు మీడియం చదువు, గుండ్రటి అక్షరాలు. రాశాక ఒక అనుమానం అడిగాడు. నడినెత్తి మీద సూర్యుడంటే పన్నెండు కదా, మరి పదకొండు ఇరవై రెండేమిటి?

దేశమంతటి గడియారం కాకినాడకి దగ్గరగా పోయే ఒక గీతని పట్టుకుని నడుస్తుందనీ, మనం దానికి చాలా తూర్పున ఉన్నామనీ ఆమె చెప్పింది. "సూర్యుడు ముందు మన నెత్తి మీదికొచ్చి, ఆ తర్వాత సముద్రం దాటి అక్కడికెళ్తాడు. వాళ్లకంటే నలభై నిమిషాలు మనం ముందు."

మణికుమార్ తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మ్యాపులో ఓ మూల చుక్కల్లా ఉండే తమ దీవుల గురించి "ముందు" అనే మాట అతను ఎప్పుడూ వినలేదు. ఫెర్రీ జెట్టీని గుద్దుకోబోతుంటే పైనుంచి ఫెర్రీ నడిపే సరంగు కేకేశాడు.

కార్యక్రమానికి ముందున్న మూడు వారాలూ కళ్యాణి రోజూ అదే ఫెర్రీ ఎక్కింది. చెప్పబోయేదంతా అతనికి చెప్పేది. అర్థం కాకపోతే అతను మొహమాటపడకుండా, "ఇది మా నానమ్మకి ఎక్కదు," అనేవాడు. శ్రీహరికోటలో లేచిన కొన్ని రాకెట్లు దూరం పోయాక భూమి వంపు వల్ల అక్కడివాళ్లకి అందవనీ, అప్పుడు వాటి కబురు వినేది మన పోర్ట్ బ్లెయిర్‌లోని స్టేషనేననీ ఆమె పావుగంట చెప్పింది. ఒడ్డు నుంచి చూస్తే పడవ కిందనుంచి మునిగిపోతున్నట్టు కనుమరుగవుతుంది కదా, అలా చెప్పమన్నాడతను. పావుగంట మాట అరనిమిషంలో అయిపోయింది. ఆమె దాన్ని హిందీ అక్షరాల్లో తెలుగుగా రాసుకుంది.

వాన పడుతున్న ఒక సాయంత్రం గొడుగు అందిస్తూ అతను "దీదీ" అనబోయి ఆగాడు. తర్వాత ఇంకెప్పుడూ ఆ మాట అనలేదు. కళ్యాణి అది గమనించి, గమనించనట్టు సముద్రం వైపు చూసింది.

ఇరవై మూడున తెల్లారినప్పటి నుంచీ వాన. పదకొండింటికి తెరిపిచ్చింది గానీ మబ్బు వీడలేదు. జెట్టీ షెడ్డు కింద రెండు వందల మంది కూర్చున్నారు. ముందు వరసలో మణికుమార్ నానమ్మ తవిటమ్మ; దిద్దిన పోస్టర్ మనవడు చదివి వినిపించాక భయం తీరి వచ్చింది. పక్కనే పెద్ద మేడమ్.

కళ్యాణి కంగారులో హిందీలో మొదలుపెట్టి పుస్తకం మాటల్లో చిక్కుకుంది. జనం కదులుతున్నారు. అప్పుడు తవిటమ్మ లేచింది.

"ఏటమ్మా, రాకెట్టు ఎగిరే రోజు సముద్రంలోకి ఎల్లొద్దంటారు. మా వలలు ఆపి ఎగరేసేది మాకేటి తెస్తాది?"

కళ్యాణి కాగితం మడిచేసింది. తెలుగులో అందుకుంది. ఆ రాకెట్టు పైన వదిలిన యంత్రమే సముద్రం రంగూ వేడీ చూసి చేప ఎక్కడ గుమిగూడుతుందో చెబుతోందనీ, తుఫాను పుట్టగానే కనిపెట్టేదీ అదేననీ చెప్పింది.

"మీ కాలంలో గాలి మారితే తప్ప తెలిసేది కాదు కదా అమ్మా. ఇప్పుడు చేపలకెళ్లే మణి వాళ్ల నాన్నకి నాలుగు రోజుల ముందే ఫోన్లో కబురొస్తోంది. ఆ కబురు ఆకాశం నుంచి వస్తోంది."

తవిటమ్మ కూర్చోలేదు. ఆమె పెనిమిటి తుఫానులో పోయాడని కళ్యాణికి తెలియదు. ముసలామె కళ్యాణి వైపే చూసి, "మరి మా ఆయన కాలంలో ఎందుకు ఎగరెయ్యలేదే తల్లీ," అని మెల్లగా అంది. కళ్యాణి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

పదకొండు పందొమ్మిదికి మబ్బు విచ్చుకుంది. అందరూ తడి సిమెంటు మీదికి వచ్చారు. ఇరవై రెండుకి రెండు వందల మంది తమ కాళ్ల చుట్టూ వెతుక్కున్నారు. ఏ పక్కకీ నీడ లేదు. తవిటమ్మ తల ఎత్తి, దించి, నిటారుగా నిలబడింది. ఎవరూ చెప్పకుండానే చప్పట్లు మొదలయ్యాయి. పెద్ద మేడమ్ కూడా కొట్టింది.

సాయంత్రానికి ఒక వార్త తెలిసింది. మేడమ్ కళ్యాణికి హైదరాబాద్‌లో పర్మనెంట్ ఉద్యోగం ఇస్తానందట. మణికుమార్ అది విని, మర్నాటి నుంచి ఆమె ఎక్కని వేళకి డ్యూటీ మార్పించుకున్నాడు. కళ్యాణి నాలుగు రోజులు ఫెర్రీలో వెతికింది. అయిదో రోజు ఉదయం నుంచి దిగకుండా అదే ఫెర్రీలో అటూ ఇటూ తిరిగింది. మధ్యాహ్నం షిఫ్టుకి అతను రాక తప్పలేదు.

"ఎప్పుడు ప్రయాణం?" అన్నాడు తాడు వైపు చూస్తూ.

"ఎల్లుండి. రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్. హైదరాబాద్ వద్దన్నాను. అక్కడ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. దీవులన్నీ తిరిగే పని అడిగాను, ఇచ్చారు." కొంచెం ఆగింది. "నా తెలుగు దిద్దడానికి ఒక మనిషి కావాలి."

"ఎన్నాళ్లకి?"

"నాకు తప్పులు బాగా ఎక్కువ. జన్మంతా పట్టొచ్చు."

అతను తాడు కట్టడం మర్చిపోయాడు. సరంగు ఈసారి తిట్టలేదు.

ఆదివారం కళ్యాణి నాన్న సత్యారావు, పోర్ట్ బ్లెయిర్‌లో మిడిల్ పాయింట్ ఆఫీసులో పెద్ద గుమస్తా, బాంబూఫ్లాట్ వచ్చి తవిటమ్మ అరుగు మీద ఇబ్బందిగా కూర్చున్నాడు. పిల్లలు ఇష్టపడ్డారు కాబట్టి వచ్చానన్నాడు. తర్వాత ఉన్న మాట చెప్పేశాడు. తన కూతురికి ఈ ఇంటి పనులేవీ తెలియవు, చేప కోయడం కూడా రాదు.

తవిటమ్మ నవ్వింది.

"సేపలు కోసేవోలు మా వాడలో ఇంటికి నలుగురున్నారు బాబూ. ఆకాశం గురించి నాకు అర్థమయ్యేటట్టు సెప్పిన పిల్ల మాత్రం ఒక్కతే."

సత్యారావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కూతురి గురించి అలాంటి మాట తనే ముందు అని ఉండాల్సిందని అతనికి అనిపించింది. ఆ మాట తవిటమ్మతోనే చెప్పి, కాబోయే అల్లుడిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.