ఆఖరి కోట

ఆ మేడ మీద గది పేరెత్తితే చాలు, వీధిలో పిల్లలు మారు మాట్లాడకుండా అన్నం తినేసేవారట. "దానికి ఒంటికన్ను... ఎర్రగా ఉంటుంది... చీకటి పడితే కిటికీలోంచి చూస్తుంది." కన్నుతో పాటు ఒక చప్పుడు కూడా. టక్... టక్‌టక్... టక్. అదీ తాళం వేసిన గదిలోంచి!

కింద ఉండే ఇంటావిడ మొదట్లో కొట్టిపారేసింది. గది చూడ్డానికి వచ్చినవాళ్ళు సగం మెట్ల నుంచే వెనక్కి మళ్ళుతుంటే ఆవిడకీ గుబులు పుట్టింది. అందులో అద్దెకున్నాయన పోయి మూడు నెలలు. ఆయన తమ్ముడికి ఫోన్ చేసింది.

"బాబూ, ఇవాళ డ్యూటీ అయ్యాక వచ్చి మీ అన్నయ్య సామాను చూసుకో. నీకు పుణ్యముంటుంది."

తమ్ముడు లిఫ్టు మెకానిక్. అన్న టీవీ మెకానిక్, పెళ్ళీ గిళ్ళీ లేని మనిషి. చిన్నప్పుడు ఇద్దరికీ ఒకే మంచం, ఒకే వీడియో గేము. పెద్దయ్యాక ఊరొకటే అయినా కలవడం తగ్గిపోయింది. గొడవలేం లేవు. తీరిక లేదు, అంతే.

ఆఖరి రోజుల్లో అన్న వారంవారం ఫోన్ చేసేవాడు. "ఒరేయ్ చిన్నోడా, మన పాత గేము బాగుచేశాన్రా. ఆఖరి కోట ఒక్కటే మిగిలింది. అది ఇద్దరుంటేనే అవుతుంది. ఎప్పుడొస్తావ్?"

"వచ్చేవారం అన్నయ్యా."

ఆ వచ్చేవారం రానేలేదు. ఒంట్లో నలతగా ఉందని ఆసుపత్రికి వెళ్ళిన అన్న తిరిగి రాలేదు. ఇంటావిడే గదికి తాళం వేసింది.

తమ్ముడు మెట్లెక్కుతున్నాడు... టక్... టక్‌టక్...

ఇంటావిడ ఇచ్చిన తాళంచెవి తిప్పగానే చప్పుడు ఆగిపోయింది.

తలుపు తోశాడు. చీకట్లో, కిటికీ పక్కన... ఎర్రటి కన్ను.

గోడ తడిమి లైటు వేశాడు. చూసి, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాత గేము డబ్బా! దాని ముందు వెలిగే చిన్న ఎర్రదీపం! పైన కప్పిన తువ్వాలు పక్కకు జారిపోయింది.

ఆ కాలపు గేముల్లో సేవ్ చేసుకోవడం ఉండేది కాదు. ఆపేస్తే మళ్ళీ మొదటినుంచే. అందుకే అన్నం తినడానికి లేచినా పాజ్ నొక్కి, టీవీ ఒక్కటే కట్టేసి, అమ్మ కంటపడకుండా డబ్బా మీద తువ్వాలు కప్పేవారు. ఒకసారి మూడు రోజులు అలాగే ఉంచి ఆఖరి కోట దాకా వచ్చారు. గదిలోంచి వెళ్ళేటప్పుడు స్విచ్చులన్నీ కట్టాలని అమ్మ నేర్పిన అలవాటు కొద్దీ చిన్నోడు టక్కున ప్లగ్గు స్విచ్చి కట్టేశాడు! ఏడుస్తుంటే అన్న తల నిమిరాడు. "పర్లేదులే, మళ్ళీ మొదటినుంచి ఆడదాం."

ఇప్పుడు టీవీ పెట్టాడు. ఆఖరి కోట. గుమ్మం ముందు ఇద్దరు బొమ్మ మనుషులు పాజ్‌లో నిలబడి ఉన్నారు.

మంచం మీద అన్న రిమోటు. నేల మీద, ఎప్పుడూ తను కూర్చునే చోట, రెండో రిమోటు. తమ్ముడు కూర్చుని, మీట టక్‌మని నొక్కి పాజ్ తీశాడు. తన బొమ్మ ముందుకు పరుగెత్తి తెర అంచున ఆగిపోయింది. ఒకడు వెనకబడితే తెర కదలదు. అదీ ఆ గేము పద్ధతి. అన్న బొమ్మ మాత్రం గుమ్మం దగ్గరే ఉంది.

"రా అన్నయ్యా..." ఒక్క వారం, ఒక్కటంటే ఒక్క వారం వచ్చి ఉంటే...

"బాబూ, అయిందా?" కింద నుంచి ఇంటావిడ.

కళ్ళు తుడుచుకుంటూ లేచాడు. చెయ్యి దానంతటదే గోడ మీదికి పోయింది. లైటు... ఫ్యాను... ప్లగ్గు. టక్.

ఎర్రదీపం ఆరిపోయింది. నలభై రెండేళ్ళొచ్చినా అదే బుద్ధి! తిట్టుకుంటూ తాళం వేసి, కిందికొచ్చి తాళంచెవి ఇంటావిడ చేతిలో పెట్టాడు.

"భయమేం లేదండీ. అన్నయ్య గేము కట్టకుండా వెళ్ళాడు. మూడు నెలలుగా అలాగే వెలుగుతోంది."

"ఓస్, ఇంతేనా!" ఇంటావిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అందుకేనన్నమాట, కిందటివారం వీధిలో రెండ్రోజులు కరెంటు లేనప్పుడు ఏమీ కనబడలేదు. కరెంటు రాగానే మళ్ళీ మొదలు."

గేటు వైపు తిరిగిన తమ్ముడు అక్కడే ఆగాడు.

రెండ్రోజులు కరెంటు లేదు. అంటే గేము మొదటికొచ్చి ఉండాలి. మరి ఆఖరి కోట దాకా... ఎవరు తెచ్చారు?

మెల్లగా తలెత్తి చూశాడు. మేడ మీద కిటికీలో ఎర్రటి కన్ను తెరుచుకుంది.

టక్... టక్‌టక్... టక్...

మళ్ళీ మొదటినుంచి.

"బాబూ... ఎక్కడికీ?" ఇంటావిడ గుసగుసగా అడిగింది.

అతను ఆవిడ చేతిలోంచి తాళంచెవి తీసుకున్నాడు. ఈసారి వచ్చేవారం అనలేదు.