ఇద్దరు చూసిన అతుకు

నానబెట్టిన అనపగింజల్ని వేళ్ల మధ్య పితుకుతూ, వంటింటి గోడ మీద వరుసకట్టిన అతుకులను చూస్తోంది ఇందుజ. పప్పు ఒక గిన్నెలో, తొక్కలు చేటలో. ఇవాళ ఎందుకో గిన్నె తొందరగా నిండుతోంది.

2074 నాటికి ఆదోనిలో కంప్యూటర్ అనే పెట్టె ఎవరి ఇంట్లోనూ లేదు. కళ్లలో సన్నటి లెన్స్‌లు, చెవిలో పూస; చాలామంది నిద్రలోనూ తీయరు. వాటితోనే 'ముంగిలి' అనే డెస్క్‌టాప్ గోడల మీదా, బల్లల మీదా పరుచుకునేది. ముంగిలికి యజమాని లేడు. దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా ఒక మార్పు రాసి పంపవచ్చు. ఆ మార్పునే అతుకు అంటారు. ఇద్దరు నిర్వాహకులు చదివి 'చూశాను' అని సంతకం పెడితేనే అది ముంగిలిలో కలుస్తుంది. ఊరూరా ఉన్న నిర్వాహకుల్లో ఇందుజ ఒకరు. కర్నూలులో ఉండే మస్తాన్ మరొకడు.

ముంగిలిలోని 'మరుగు' ఇందుజ సొంత కల్పన. మనిషి దేని మీంచి పదేపదే చూపు తిప్పుకుంటాడో కనిపెట్టి, "దాచమంటారా?" అని అడుగుతుంది. సరే అంటే అది ఇక కనబడదు, వినబడదు. మనసు బాగాలేని రోజున జనానికి కాస్త ఊపిరి తిరుగుతుందని రాసింది. మనుషుల్ని మాత్రం దాచకుండా ఒక్క వరుస కోడ్ అడ్డం పెట్టింది.

పూసలో మస్తాన్ గొంతు పలికింది.

"అక్కా, పత్తికొండ నుంచి మరుగు మీద ఫిర్యాదు. ఒకామెకి రెండు దినాలుగా అత్త కనపడలేదంట. ఆయమ్మ ఇంట్లోనే ఉండాది. జారిపడి, మంచం పక్కనే."

"బతికుందా?"

"ఉండాది. ఆసుపత్రిలో."

ఇందుజ చేతిలో గింజ జారిపోయింది. "మనుషుల్ని దాచేది కాదు కదప్పా. అడ్డం పెట్టినా కదా."

"ఆ వరుస లేదక్కా. ఎనిమిది నెలల కిందట ఎవరో, కోడ్ శుభ్రం చేస్తామని, ఎన్నడూ పనిలోకి రాని వరుసలు నలభై ఏరి పారేసినారు. అందులో ఇదొకటి."

"సంతకాలు?"

"ఒకటి నీది. ఒకటి నాది."

"నువ్వు చదవలేదా?"

"నీ సంతకం ముందే ఉండె. అక్క చూసింటాది లే అని పెట్టేసినా. మరి నువ్వు?"

"ఆ దినం ముప్పై అతుకులు వచ్చినాయి. ఎట్లాగూ నువ్వు చూస్తావు కదా అనుకున్నా."

"బలే దొరికినాం ఇద్దరం," అన్నాడు మస్తాన్. నవ్వలేదు.

ఆ అడ్డాన్ని మళ్లీ పెట్టే అతుకు అతను అప్పటికే రాసి, మరొక నిర్వాహకుడితో సంతకం పెట్టించాడు. ఈసారి ఇందుజ అక్షరం అక్షరం చదివి 'చూశాను' అంది.

"కొత్తగా ఎవర్నీ దాచదు," అన్నాడు మస్తాన్. "ఇప్పటికే మరుగైనోళ్లని మాత్రం, దాచినోళ్లే బయటికి తెచ్చుకోవల్ల. మూడు లక్షల పైన ఉండారు. ముంగిలి దాచినోళ్లందర్నీ అడిగిందక్కా. అందరూ సరే అన్నారు."

ఇందుజ తన మరుగు జాబితా తెరిచింది. ఇంటి పన్ను కాగితం. పంటి డాక్టరు కబురు. ఆ కింద, ఓబులేసు. నాలుగు రోజులు.

ఓబులేసు ఆమె భర్త. మిల్లులో తన పని పోయిన సంగతి అతను ఎత్తినప్పుడల్లా ఆమె అతుకుల వైపు తిరిగింది. ఆ తర్వాత కనపడకపోతే, అలిగి గుత్తిలో అన్న దగ్గరికి పోయాడనుకుంది. రోజూ తోమిపెట్టి ఉన్న గిన్నెల గురించి ఆలోచించలేదు.

"నేనెప్పుడు దాచమన్నాను?"

"మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ చదవకుండానే సరే అన్నారు," అంది ముంగిలి, ఎంతో మర్యాదగా.

ఇందుజ పూస పీకేసి, తడి చేతులతోనే లెన్స్‌లు తీసింది. ఎదురుగా ఉత్త సున్నపు గోడ.

బల్లకు అవతల ఓబులేసు కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసింది. కళ్లలో లెన్స్‌లు లేవు. ఆమె గిన్నెలోకే అనపగింజలు పితుకుతున్నాడు.

"ఎంతసేపటి నుంచి కూర్చున్నావు?"

ఆమె చూపు తన మీద నిలిచిందని అతనికి అర్థమైంది. చేతిలోని గింజను పితికి, పప్పును గిన్నెలోనూ తొక్కను చేటలోనూ వేశాడు. చేతులు కడుక్కున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్లిపోయాడు.