ఏడో మెట్టు వెనకాల టక్

ఆ పాత స్టూడియోలో మూడో ఫ్లోర్‌కి మంచి పేరు లేదు. ఫ్లోరంటే అంతస్తు కాదండోయ్, షూటింగులు జరిగే పెద్ద షెడ్డు. అందులో ఎప్పటివో చెక్కమెట్లున్నాయి. ఏడో మెట్టు మీద ఒంటరిగా నిలబడకూడదంటారు అక్కడివాళ్ళు.

నిలబడితే... మెట్ల వెనక గోడలోంచి 'టక్' మంటుంది. ఒకే ఒక్కసారి. వెనక్కి వెళ్ళి చూస్తే — ఎవరూ ఉండరు.

కిటికీలు లేని షెడ్డు. తలుపు మూశారంటే మిట్టమధ్యాహ్నం కూడా అమావాస్యే.

మొన్నామధ్య ఆ మెట్లు విప్పడానికి కొలతలు తీసుకోమని ఒక కార్పెంటర్‌ని పంపారట. ముప్ఫై నిండని వాడు, ఆజానుబాహువు. "దెయ్యమా గియ్యమా, పొండి" అన్నాడట. మెట్లు జారతాయని కింద చెప్పులు విడిచి, పైకెక్కి, ఏడో మెట్టు మీద టేపు పెట్టాడు.

టక్.

"ఎవరది?"

సరే, ఎలకేమో అనుకుని మళ్ళీ టేపు పెట్టాడు... టక్.

అంతే, కాళ్ళకి బుద్ధి చెప్పాడు. టేపు మెట్టు మీదే, చెప్పులు మెట్ల కిందే. సాయంత్రం వాచ్‌మన్ ఆ చెప్పుల్ని కర్రకి తగిలించి తెచ్చి గేటు దగ్గర పెట్టాడట, చేత్తో ముట్టుకోకుండా!

ఇదీ, ఇక ముందు చెప్పబోయేదీ నేను కళ్ళతో చూసింది కాదు, మా అక్క చెప్పింది. అసలు రోజున నేను ఎందుకు వెళ్ళలేదంటారా? జ్ఞానదంతం పీకించుకున్నాను. ఏడాదికి మూడొందల అరవై అయిదు రోజులుండగా ఆ డాక్టరుకి సరిగ్గా అదే రోజు దొరికింది. ఆయన్ని నేను ఈ జన్మలో క్షమించను.

అసలు ఆ మెట్లు ఎక్కడివో చెప్పాలి. 'నూటొక్క గదుల మేడ' అని, మా చిన్నప్పటి టీవీ సీరియల్. మీకు తెలియకపోతే మీ తప్పేం లేదు, మీరు ఆలస్యంగా పుట్టారు. రోజూ సాయంత్రం నాలుగింటికి వచ్చేది. బడి నుంచి పరిగెత్తుకొచ్చి, సంచీ ఒక మూల, బూట్లు ఒక మూల విసిరి, అక్క ఒళ్ళో దుప్పటి కప్పుకుని చూసేదాన్ని. దుప్పటికి ఒక చిల్లు ఉండేది. మరీ భయం వేస్తే ఒంటికన్నుతో చూడటానికి వీలుగా.

కథేమిటంటే, వందేళ్ళ కిందట ఆ మేడలో పెద్దదొరసానిని కట్టుకున్నవాడే చంపేశాడు. ఆవిడ రోజూ చీకటి పడగానే దీపం పట్టుకుని మెట్లు దిగుతుంది. ఏడో మెట్టు మీద ఆగుతుంది... మనవైపు చూస్తుంది... "ఈ మేడకి తలుపులు చాలా ఉన్నాయి. దారే లేదు" అంటుంది. అమ్మో! ఇది రాస్తూ లేచి ఇంకో లైటు వేసుకొచ్చాను చూడండి.

ఆ రోజుల్లో వీడియో టేపు ఖరీదెక్కువట. ఒక్కసారి తీస్తే తీసినట్టే, తప్పొచ్చినా మళ్ళీ తీసేది లేదు. అందుకని ఏం జరిగితే అదే కథ. తలుపు గట్టిగా వేస్తే గోడలు ఊగేవి. గాలొస్తే సమాధిరాయి ఎగిరిపోయేది, థర్మోకోల్ కదా పాపం. ఒకసారి దొరసాని శాపం పెడుతుంటే వెనకాల ఒకాయన టీ గ్లాసుతో ఇటునుంచి అటు నడిచి వెళ్ళాడు. ఆయన కూడా దెయ్యమేనని మా అభిమానులు పదేళ్ళు వాదించారు.

నవ్వకండి. మాకో సంఘం ఉంది. ఏటా కలుస్తాం. డెబ్భై మందిమి, జుట్టు నెరిసినా సిగ్గు లేదు. మా అక్కే పెద్ద దిక్కు. అది లేడీస్ టైలర్, దొరసాని నల్లగౌను కుచ్చులతో సహా కుట్టేసింది.

సంఘంలో రెండు పెద్ద తగాదాలుండేవి. ఒకటి టక్. దొరసాని మాట్లాడబోయే ముందు ప్రతిసారీ టీవీలో సన్నగా టక్‌మనేది. అది చచ్చిన దొరగారి చేతికర్ర చప్పుడని ఒక వర్గం, కాదు గోడగడియారమని ఇంకో వర్గం.

రెండోది ఆఖరి ఎపిసోడ్. టీవీవాళ్ళు ఆ టేపు మీదే ఇంకేదో రికార్డు చేసేశారు, కడుపులు కాలా! చివరికి దొరసాని ఆ దుర్మార్గుణ్ణి క్షమించిందా, శపించిందా? ఎవరికి వాళ్ళకి ఒక్కోలా గుర్తుంది. రాసిన కాగితం కూడా ఎక్కడా మిగల్లేదు.

ఈ ఏడాది మూడో ఫ్లోర్‌ని పడగొట్టేస్తున్నారని తెలిసింది. ఆ మెట్ల దగ్గర సంఘం కలవడానికి ఇదే ఆఖరి అవకాశం. మా అక్క ధైర్యం చేసి, దొరసాని వేషం వేసినావిడకే ఫోన్ చేసింది. ఆవిడకిప్పుడు డెబ్భై తొమ్మిది. "వస్తాను. ఆ మెట్టు మీదే నిలబడి ఆఖరి మాటలు చెబుతాను" అందట. మా అక్క మూడు రాత్రులు నిద్రపోలేదు.

నాలుగోనాడు ఆవిడ కూతురు అక్క కొట్టుకే వచ్చింది. కుట్టుమిషన్ పక్కన స్టూలు మీద కూర్చుని, గొంతు తగ్గించి...

"అక్కా, అమ్మకి ఈమధ్య మాటలు జారిపోతున్నాయి. నిన్న పొద్దున కాఫీ ఇస్తే... ఎవరమ్మా నువ్వు, అంది నన్ను."

మా అక్క మిషన్ ఆపేసింది.

"అంతమంది ముందు మాట రాక ఆగిపోతే అమ్మ తట్టుకోలేదు. ఇంక గదిలోంచి బయటికి కూడా రాదు. వద్దంటే వినదు. మీరైనా..."

"పక్కనుంచి మాట అందిద్దామంటే ఆ మాటలు ఎవరికీ తెలియవు కదమ్మా" అంది అక్క.

"నాన్నకి తెలుసు. నాన్న పోయి ఎనిమిదేళ్ళయింది."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆ పిల్ల నాన్నే సీరియల్‌కి ప్రాంప్టర్. అంటే, ఎవరైనా మాట మర్చిపోతే చాటునుంచి అందించే మనిషి. మెట్ల వెనకాల ప్లైవుడ్ గోడని ఆనుకుని కూర్చునేవాడట. ఆవిడ మాట్లాడబోయే ముందు పెన్సిల్‌తో గోడ మీద ఒక్కసారి తట్టేవాడు, నేనున్నానని. ఆ తట్టు వినపడందే ఆవిడ నోరు తెరిచేది కాదు. చేతికర్రా లేదు, గడియారమూ లేదు! ముప్ఫై ఏళ్ళు మేం జుట్లు పట్టుకున్నది ఒక పెన్సిల్‌ముక్క గురించి.

అక్కకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. "రానీ అమ్మా. ఆగిపోతే నేనే చప్పట్లు మొదలుపెడతాను, అందరూ అందుకుంటారు. ఆగిపోయినట్టు తెలియనివ్వను" అని మాటిచ్చింది.

ఆ రోజు రానే వచ్చింది. సరిగ్గా నాలుగు గంటలు. మెట్ల వెనక గోడ ఊగిసలాడుతోందని, దాన్ని పట్టుకోడానికి మళ్ళీ ఆ కార్పెంటర్‌నే బతిమాలి తీసుకొచ్చారు. "పట్టపగలు, డెబ్భై మందిమి ఉన్నాం, నీకేం భయంరా అబ్బాయ్" అని అక్క వాణ్ణి వెనక్కి తోసింది. తోశాక వాడు అక్కడ ఏం చేస్తున్నాడో ఎవరూ పట్టించుకోలేదు.

తలుపు మూశారు. చీకటి. మెట్ల మీద ఒక్క దీపం.

ఆవిడ దిగింది. నల్లగౌను, తెల్లజుట్టు, ఒక చేత్తో దీపం, ఇంకో చేత్తో కమ్మీ పట్టుకుని... ఒక్కొక్క మెట్టే. కూతురు ముందే తన ఫోన్‌ని రికార్డింగులో పెట్టి ఏడో మెట్టు పక్కన కమ్మీకి కట్టి వచ్చింది. వచ్చి ముందు వరసలో అక్క పక్కన కూర్చుని, అక్క చెయ్యి పట్టుకుంది.

ఏడో మెట్టు. ఆగింది. మావాళ్ళవైపు చూసింది.

మాట రాలేదు.

పది క్షణాలు... ఇరవై... ఆవిడ పెదాలు కదులుతున్నాయి. కళ్ళు ఎవరికోసమో వెతుకుతున్నాయి. "అయిపోయింది అక్కా" అని కూతురు గొణిగింది. చప్పట్లు కొడదామంటే ఒక చెయ్యి ఆ పిల్ల పిడికిట్లో ఉండిపోయింది అక్కకి.

అప్పుడు —

ఠక్!

మెట్ల వెనక నుంచి. డెబ్భై మందీ వెన్ను నిటారుగా పెట్టారు. ఒకాయన కుర్చీలోంచి జారి కింద కూర్చున్నాడట.

దొరసాని తలెత్తింది. ఆ గొంతు! ఒక్క మాట తడబడితే ఒట్టు.

"నిన్ను క్షమించడానికి రాలేదు. శపించడానికీ రాలేదు. ఆ దీపం ఆర్పకు. నా దారి నాకు తెలుసు. నువ్వెక్కడ మిగిలిపోయావో చూసి వెళదామని, అంతే."

దీపం కింద పెట్టింది. వెనక్కి తిరిగి, మెట్లెక్కి వెళ్ళిపోయింది.

చప్పట్లు కొట్టడం కూడా మర్చిపోయారట అందరూ. మా అక్క మాత్రం లేచి మెట్ల వెనక్కి పరిగెత్తింది.

అక్కడ కార్పెంటర్! కళ్ళు గట్టిగా మూసుకుని, వీపుతో గోడని ఆపి, చేతిలో సుత్తితో నిలబడి ఉన్నాడు. చెవుల్లో చెరో గుప్పెడు దూది. అక్క ఒకపక్క దూది లాగింది.

"అయిపోయిందా అక్కగారూ? గోడ కదిలింది. మేకు మీద ఒక్కటి వేశాను. తప్పయిందా?"

అక్క వాడి బుగ్గలు పుణికి ముద్దు పెట్టుకుందట. వాడు దెయ్యం కంటే దానికే ఎక్కువ బెదిరిపోయాడు.

కారు ఎక్కేటప్పుడు పెద్దావిడ కూతురి చెంప మీద చెయ్యి వేసింది. "మీ నాన్న ఇవాళ ఆలస్యం చేశారే, బుజ్జీ" అంది.

బుజ్జీ అని! ఆ పిల్ల కారు తలుపు పట్టుకుని, రోడ్డు మీదే వెక్కివెక్కి ఏడ్చింది. మా అక్కా ఏడ్చింది. వాచ్‌మన్ కూడా ఏడ్చాడట, వాడికి సంగతేం తెలుసో నాకు తెలియదు.

ఇప్పుడు వాళ్ళింట్లో భోజనాల బల్ల మీద ఒక పెన్సిల్ ఉంటుంది. అమ్మకి మాట అందకపోతే కూతురు ఒక్కసారి తడుతుంది. రోజూ పనిచెయ్యదు. పనిచేసినరోజు ఆవిడ బుజ్జీ అంటుంది, ఆ పిల్ల నాకు ఫోన్ చేసి చెబుతుంది.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ నేను ఊరుకునే రకం కాదు. బుజ్జి ఫోన్లో రికార్డయిందని చెప్పాను కదా, అది తెప్పించుకున్నాను. బుగ్గ బూరెలా వాచి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. ఒకసారి కాదు, ఇరవైసార్లు.

మర్నాడు అక్క కొట్లో బట్టల అల్మరా తలుపు బిగించడానికి కార్పెంటర్ వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చాడు. "నీ సుత్తి దెబ్బ వింటావా నాయనా" అని వాడి చెవిలోనూ పెట్టాను.

ముందంతా నిశ్శబ్దం. ఆవిడ ఊపిరి...

టక్. సన్నగా. చెక్క మీద పెన్సిల్ ఆనించినట్టు.

ఆవిడ గొంతు, గుసగుసగా — "ఉన్నారా?"

ఆ తరవాత — ఠక్!

కార్పెంటర్ ఇయర్‌ఫోన్ తీశాడు. నావైపు చూశాడు, అక్కవైపు చూశాడు.

"రెండోది నాది అక్కగారూ" అన్నాడు మెల్లగా.

వాడు మళ్ళీ రాలేదు. అల్మరా తలుపు ఇంకా వేలాడుతూనే ఉంది. సుత్తి బల్ల మీద ఉంది, చెప్పులు గుమ్మం బయటే ఉన్నాయి.